ఆర్కిడ్‌కు ఏ ఎరువు వేయాలి? ఆరు రకాల పోలిక, ఎవరికి ఏది సరిపోతుంది

ఇళ్లలో పెంచే ఆర్కిడ్ రకం ఫెలనాప్సిస్. ఎండిన దాని వేరు మీద నాలుగు నీటి చుక్కలు వేసి చూడండి. వెండి రంగులో ఉన్న వేరు చూస్తుండగానే ఆకుపచ్చగా మారుతుంది. వేరును చుట్టి వెలమెన్ అనే మృతకణాల పొర ఉంటుంది. అది స్పంజిలా నీటిని పీల్చుకోగానే లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. అడవిలో ఈ మొక్క చెట్టు కొమ్మను పట్టుకుని బతుకుతుంది. వాన పడినప్పుడు బెరడు మీది దుమ్మును, పక్షి రెట్టను, కుళ్లిన ఆకుల సారాన్ని కడుక్కుంటూ జారే నీరే దాని తిండి. ఆ నీటిలో పోషకాలు అతి పలుచగా ఉంటాయి. అందుకే దొరికినదాన్ని దొరికినట్టే పట్టుకునేలా ఆ వేరు తయారైంది. చిక్కటి ఎరువు పోసినా అదే వేగంతో లోపలికి లాగేసుకుంటుంది. గులాబీకి, మందారానికి పనికొచ్చిన మోతాదు ఆర్కిడ్‌ను దెబ్బతీసేది ఇక్కడే.

ఎరువు కొనడానికి వెళ్లినవారికి వరుసగా డబ్బాలు కనిపిస్తాయి. ఒకదాని మీద ‘ఎదుగుదలకు’ అని, ఇంకోదాని మీద ‘పూతకు’ అని, మరోదాని మీద ‘ఆర్కిడ్ ప్రత్యేకం’ అని రాసి ఉంటుంది. ఏది తీసుకోవాలో తేలాలంటే డబ్బాను పక్కన పెట్టి ముందు మీ కుండీని, మీ నీటిని చూడాలి.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

మీరు పోసే నీరు. నా దృష్టిలో మొదటి ప్రశ్న ఇదే. వాన నీటిలో, ఆర్‌వో నీటిలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు. వాటిని ఎరువే ఇవ్వాలి. బోరు నీటిలోనూ కొన్ని కుళాయి నీళ్లలోనూ అవి ముందే ఉంటాయి, కొన్నిసార్లు అవసరానికి మించి ఉంటాయి. అలాంటి నీటికి మళ్లీ కాల్షియం ఎరువు కలిపితే లవణాల మీద లవణాలు చేరతాయి. నీటిలో ఎన్ని లవణాలున్నాయో చెప్పే టీడీఎస్ మీటరు ఒకటి దగ్గర ఉంటే సగం సందేహాలు తీరిపోతాయి. ఉప్పుతో నీటిని మెత్తబరిచే యంత్రం నుంచి వచ్చిన నీరు మాత్రం వాడకండి. అందులోని సోడియం వేళ్లకు హాని చేస్తుంది.

కుండీలో ఏముంది. బెరడు ముక్కలు, బొగ్గు, పెంకు ముక్కలు నీటిని ఎక్కువసేపు పట్టుకోవు, ఎరువూ వాటిలో నిలవదు. స్ఫాగ్నం నాచు నీటితోపాటు లవణాలనూ పట్టి ఉంచుతుంది. కొబ్బరి పీచు ముక్కలు ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి. వాటిని ముందుగా బాగా నానబెట్టి కడగకపోతే లోపలే ఉప్పు మిగిలి ఉండే అవకాశం ఉంది.

మొక్క ఏ జాతి, ఏ దశలో ఉంది. కొత్త ఆకు, కొత్త వేరు, కొత్త దుంపకాండం (కొన్ని ఆర్కిడ్‌లలో దుంపలా ఉబ్బి ఉండే కాండం) సాగుతున్నప్పుడు ఆకలి ఎక్కువ. ఎదుగుదల ఆగి మొక్క విశ్రాంతిలో ఉన్నప్పుడు అదే ఎరువు కుండీలో వృథాగా పేరుకుంటుంది.

మీ అలవాటు. ప్రతివారం కొలిచి కలిపే ఓపిక ఉందా? మధ్యమధ్యలో ఉత్త నీటితో కుండీని కడుగుతారా? నెలకోసారి గుర్తొచ్చినప్పుడు పోసే మనిషికి సరిపోయే ఎరువు, వారం తప్పకుండా పోసే మనిషికి సరిపోయే ఎరువు వేరు.

డబ్బా మీది మూడు అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. 20-20-20 అంటే నూరు గ్రాములలో 20 గ్రాముల నత్రజని ఉన్నట్టు. ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలు, మోతాదును మీరే కట్టుకోవచ్చు. దాని సంగతి కింద చెబుతాను.

## ఆరు రకాలు

### సమతుల ఎరువు (20-20-20, 19-19-19)

ఎక్కడైనా దొరుకుతుంది, నీటిలో తేలికగా కరుగుతుంది, చాలామంది మొదలుపెట్టేది దీనితోనే. దీనితో ఏళ్ల తరబడి చక్కగా పూయిస్తున్నవారు ఉన్నారు, కాబట్టి తీసిపారేయాల్సినది కాదు. దీనిలో లోపాలు రెండు. ఇలాంటి ఎరువుల్లో నత్రజని చాలావరకు యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలో సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియంగా, ఆపైన నైట్రేట్‌గా మారుస్తాయి. గాలి ఆడే బెరడు ముక్కల్లో ఆ పని మందకొడిగా సాగుతుంది, మారేలోపే నీటితో కొంత జారిపోతుంది. రెండోది, దీనిలో సాధారణంగా కాల్షియం ఉండదు. భాస్వరం ఇంత ఎక్కువగా ఉన్న ఎరువులో కాల్షియం కలిపితే రెండూ కలిసి కరగని పొడిగా అడుగుకు దిగిపోతాయి. కాల్షియం ఉన్న బోరు నీరు పోసేవారికి ఈ లోటు తెలియదు. వాన నీరు మాత్రమే పోసేవారికి ఏడాది తిరిగేసరికి కొత్త ఆకుల కొసలు నల్లబడి కనిపించవచ్చు.

### నత్రజని ఎక్కువ ఉన్నది (30-10-10)

బెరడులో పెంచేవారికి పాతకాలం నుంచీ చెబుతూ వచ్చిన ఎరువు ఇది. బెరడును కుళ్లబెట్టే శిలీంధ్రాలు నత్రజనిని తామే తినేస్తాయి, కాబట్టి మొక్క వాటా మిగలాలంటే ఎక్కువ ఇవ్వాలన్నది అందులోని తర్కం. తర్కం సరైనదే. కానీ నాచులో, బొగ్గులో, వేలాడే బుట్టలో పెంచేవారికీ ఇదే చెప్పడం సరికాదు. అక్కడ తినేవారు లేరు, మిగిలిందంతా మొక్క మీదే పడుతుంది. ఆకులు ముదురాకుపచ్చగా, మెత్తగా, పొడుగ్గా సాగుతాయి. చూడడానికి ఆరోగ్యంగా అనిపిస్తుంది, పూత మాత్రం వెనకబడుతుంది. ముదురు పచ్చ రంగు వెలుతురు చాలడం లేదనడానికి కూడా గుర్తు కావచ్చు. బాగా పూసే ఫెలనాప్సిస్ ఆకు కాస్త లేత పచ్చగా, గట్టిగా ఉంటుంది.

### పూత ఎరువు (10-30-20 వంటివి)

ఇక్కడ కాస్త ఆగాలి. అందరినీ ఎక్కువగా ఆకర్షించేది ఈ డబ్బాయే, నేను కొనవద్దని గట్టిగా చెప్పేదీ దీన్నే.

భాస్వరం పెంచితే పూలు వస్తాయన్న మాట తోటపనిలో ఎప్పటినుంచో ఉంది. మొక్కకు భాస్వరం కావాలన్నది నిజమే. అది చాలా తక్కువ పరిమాణంలో కావాలన్నది కూడా అంతే నిజం. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఫెలనాప్సిస్ పోషణ మీద పనిచేసిన యిన్-టుంగ్ వాంగ్ ఈ నమ్మకాన్నే పరీక్షించి, ఫలితాలను 2000లో ఉద్యాన పరిశోధన పత్రిక హార్ట్‌సైన్స్‌లో ప్రచురించారు. పూలకాడ రావాల్సిన కాలానికి ముందు భాస్వరం ఎక్కువ ఉన్న ఎరువుకు మార్చిన మొక్కల్లో కాడ ముందుగా రాలేదు, పూల పరిమాణం పెరగలేదు. ఎరువును సెప్టెంబరులోనే పూర్తిగా ఆపేసిన మొక్కల్లో పూల సంఖ్య తగ్గింది, పూలు నిలిచిన రోజులూ తగ్గాయి. పూతకు ముందు నత్రజని ఆపాలని నమ్మి ఫెలనాప్సిస్‌ను పస్తు పెట్టేవారు ఈ రెండో సంగతిని గుర్తుపెట్టుకోవాలి.

ఇంతకీ ఫెలనాప్సిస్‌కు పూలకాడ ఎందుకు వస్తుంది? చల్లదనం వల్ల. ఉష్ణోగ్రత నిలకడగా 28 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటే ఆ మొక్క ఆకులే వేస్తూ పోతుంది. కొన్ని వారాలపాటు 25 డిగ్రీల లోపు వాతావరణం దొరికితే ఆకు మొదట్లోని కన్ను కాడగా మారుతుంది. ఆ కాడకు ఎన్ని మొగ్గలు వస్తాయన్నది అప్పటిదాకా మొక్క ఎన్ని ఆకులను నిలబెట్టుకుంది, ఎంత వెలుతురు తిన్నది అన్నదాని మీద ఆధారపడుతుంది. మీ మొక్క రెండేళ్లుగా పూయకపోతే దాన్ని ఇంకాస్త వెలుతురున్న చోటికి, రాత్రి చల్లబడే కిటికీ దగ్గరికి జరపండి. వెలుతురు లేక, వేడి తగ్గక పూయని మొక్కను భాస్వరం పూయించలేదు.

### భాస్వరం తక్కువ, కాల్షియం–మెగ్నీషియం ఉన్నది (13-3-15 వంటివి)

మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఆర్కిడ్‌ల కోసం తయారైన ఎరువు పెంపకందార్లలో ఎంఎస్‌యూ పేరుతో వ్యాపించింది. దానిలో రెండు రకాలున్నాయి. వాన నీరు, ఆర్‌వో నీరు వాడేవారికి 13-3-15. దానిలో కాల్షియం 8 శాతం, మెగ్నీషియం 2 శాతం ఉంటాయి. బోరు నీరు వాడేవారికి 19-4-23. ఒకే మొక్కకు నీటిని బట్టి రెండు వేర్వేరు ఎరువులు చేయడంలోనే మనకు కావాల్సిన పాఠం ఉంది.

నత్రజని ఎక్కువభాగం నైట్రేట్ రూపంలో ఉండడం, కాల్షియం తోడుగా ఉండడం దీనికి పెద్ద బలాలు. కాల్షియం మొక్కలో పాత ఆకు నుంచి కొత్త ఆకుకు తరలిపోదు. వేరు ఎప్పటికప్పుడు తెచ్చిపెట్టాల్సిందే. అందుకే అది లోపించినప్పుడు దెబ్బ ముందుగా లేత ఆకు కొస మీద, చిగురు మీద పడుతుంది. మెగ్నీషియం అలా కాదు. మొక్క దాన్ని ముసలి ఆకు నుంచి తీసి కొత్తదానికి పంపుతుంది, కాబట్టి పసుపు ముందు కింది ఆకుల మీద కనిపిస్తుంది. నల్లబడిన కొస లేత ఆకుదా ముదురాకుదా అని చూస్తే దేని కొరతో చాలావరకు తెలిసిపోతుంది.

దీని లోపం ఒకటే. నీరు తెలియకుండా కొంటే తప్పు రకం చేతికి వస్తుంది. లవణాలు ఎక్కువున్న నీటిలో 13-3-15 కలిపితే కుండీ అంచున తెల్లటి పొర త్వరగానే కడుతుంది.

### నెమ్మదిగా కరిగే గుళికలు

పైపూత ఉన్న గుళికలు నెలల తరబడి కొద్దికొద్దిగా ఎరువును వదులుతాయి. పని తక్కువ. అయితే వదిలే వేగాన్ని ముఖ్యంగా వేడి నిర్ణయిస్తుంది. ఎండ ముదిరిన రోజుల్లో మొక్క సొమ్మసిల్లి ఉన్నప్పుడే గుళిక ఎక్కువ వదులుతుంది. మోతాదు తగ్గించాలంటే వేసినవాటిని మళ్లీ ఏరుకోవడం తప్ప దారి లేదు. రోజూ నీరు పడే బయటి కుండీలకు, పెద్ద సింబీడియమ్ రకం ఆర్కిడ్‌లకు బాగుంటాయి. నాచులో నాటిన ఇంటి లోపలి ఫెలనాప్సిస్‌కు వేయను.

### సేంద్రియ ద్రావణాలు, సముద్రపు నాచు సారం

పేడ నీరు, వానపాముల ఎరువు వడకట్టిన నీరు, చేపల ద్రావణం. వీటి మీద ఇష్టం ఉన్నవారి మనసు నొప్పించాలని లేదు. పలుచగా పోస్తే మొక్కకు హాని తక్కువ. కానీ వీటిలో ఎంత నత్రజని ఉందో తెలియదు, ఒకసారి కలిపినది ఇంకోసారి కలిపినదానిలా ఉండదు. సూక్ష్మజీవులు వాటిని విడగొట్టాకే వేరుకు అందుతాయి. బెరడు ముక్కల మధ్య మడ్డి పేరుకుంటే గాలి తగ్గి, వేరు కుళ్లడం మొదలవుతుంది, చిన్న ఈగలు చేరతాయి. వేళ్లు గాలిలో వేలాడే వాండా రకం ఆర్కిడ్‌లకు వడకట్టి పోసుకోవచ్చు. గదిలో పెట్టిన కుండీకి వాసనే పెద్ద అడ్డంకి.

సముద్రపు నాచు సారాన్ని ఎరువుగా లెక్కపెట్టకండి. దానిలో నత్రజని నామమాత్రమే. వేరు ఎదుగుదలకు తోడ్పడే హార్మోన్లు ఉంటాయి కాబట్టి కుండీ మార్చినప్పుడు, వేళ్లు పోయినప్పుడు అదనపు సాయంగా పనికొస్తుంది.

## ఒక్కచోట చూస్తే

| రకం | ఏ నీటికి | ఎక్కడ మేలు | ఎదుగుదల | పూత | జాగ్రత్త |
|---|---|---|---|---|---|
| 20-20-20 | కాల్షియం ఉన్న నీరు | దాదాపు అన్ని కుండీలకూ | మంచిది | మంచిది | కాల్షియం లేదు, యూరియా ఎక్కువ |
| 30-10-10 | ఏదైనా | కుళ్లుతున్న బెరడు | వేగం, మెత్తదనం | వెనకబడవచ్చు | నాచులో వద్దు |
| 10-30-20 | – | – | సాధారణం | అదనపు లాభం లేదు | అనవసర భాస్వరం |
| 13-3-15 | వాన, ఆర్‌వో | బెరడు, నాచు, బుట్టలు | చాలా మంచిది | చాలా మంచిది | లవణాల నీటిలో పేరుకుంటుంది |
| గుళికలు | తక్కువ లవణాలున్న నీరు | బయటి కుండీలు, సింబీడియమ్ | మంచిది | మంచిది | వేడికి ఎక్కువ వదులుతాయి |
| సేంద్రియం | ఏదైనా | వాండా, బయటి మొక్కలు | నెమ్మది | ముందుగా చెప్పలేం | మడ్డి, వాసన |

## మోతాదు లెక్క

ఏ డబ్బా కొన్నా చివరికి మొక్కను కాపాడేదీ కాల్చేదీ మోతాదే. ఇంట్లో పెంచే మొక్కలకు వారానికోసారి పోసే నీటిలో నత్రజని 50 నుంచి 100 పీపీఎం (అంటే లీటరుకు అన్ని మిల్లీగ్రాములు) ఉంటే సరిపోతుంది. లెక్క సులభం: లీటరుకు వేసే గ్రాములను నత్రజని శాతంతో గుణించి, దాన్ని పదితో గుణించండి. 20-20-20ని లీటరుకు అర గ్రాము వేస్తే 100 పీపీఎం. 13-3-15 అయితే ముప్పావు గ్రాముకు దాదాపు అంతే వస్తుంది. అర గ్రాము అంటే చెంచాలో అడుగున కనిపించే చిటికెడు పొడి. కళ్లతో అంచనా కట్టే వస్తువు కాదు. చిన్న డిజిటల్ త్రాసు లేకపోతే 5 గ్రాముల పొడిని లీటరు నీటిలో కలిపి ఉంచుకుని, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి మరో లీటరు అయ్యేలా నీరు చేర్చండి. చిక్కటి ద్రావణం చేసేటప్పుడు కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం ఎరువుతోగానీ ఎప్సమ్ లవణం (మెగ్నీషియం సల్ఫేట్) తోగానీ కలపకూడదు, తెల్లగా విరిగి అడుగుకు చేరుతుంది.

ఎండిపోయిన వేరు మీద ఎరువు నీరు పోయకండి. ముందు ఉత్త నీరు, కాసేపాగి ఎరువు. ఈ మాట నేను నేర్చుకున్నది ఒక మొక్కను నష్టపోయాక. ఎండల్లో నాలుగు రోజులు నీరు పోయకుండా వదిలేసిన ఫెలనాప్సిస్‌కు డబ్బా మీద రాసినంత మోతాదు ఒకేసారి పోశాను. అప్పటిదాకా గోరంత పొడుగున తడితడిగా మెరుస్తూ సాగుతున్న లేత పచ్చ వేరు కొసలు వారంలో కాల్చిన దారంలా ముడుచుకుపోయి నల్లబడ్డాయి. పైన ఆకులు చెక్కుచెదరలేదు. నెల తర్వాత కింది ఆకులు వడలినప్పుడే లోపల ఎన్ని వేళ్లు పోయాయో తెలిసింది. ఆర్కిడ్‌లో దెబ్బ వేరులో ముందు తగులుతుంది, ఆకుకు ఆలస్యంగా చేరుతుంది. అందుకే వారానికోసారి వేరు కొసను చూసే అలవాటు చేసుకోమంటాను.

మూడుసార్లు ఎరువు నీరు పోస్తే నాలుగోసారి ఉత్త నీటిని కుండీ కింద నుంచి ధారగా కారేదాకా పోయండి. మీటరు ఉంటే కారిన నీటిని కొలవండి. పోసిన నీటికంటే బాగా ఎక్కువ లవణం చూపిస్తే ఆ నెల ఎరువు ఆపి కడగడమే పని.

## జాతిని బట్టి

ఫెలనాప్సిస్: ఏడాది పొడుగునా ఎదుగుతూనే ఉంటుంది. పూలకాడ వచ్చినా, పూలు విచ్చినా ఎరువు ఆపనవసరం లేదు. ఆకుల మధ్య గుంటలో ఎరువు నీరు నిలవనివ్వకండి, అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది.

నోబిలే రకం డెండ్రోబియం: దీని పద్ధతి వేరు. కొత్త కాండం పూర్తిగా సాగేవరకు బాగా తిండి పెట్టి, చలికాలం ముందు నత్రజని ఆపి నీరు తగ్గించాలి. చల్లదనం దొరక్క, ఎరువు మాత్రం కొనసాగితే పూలు రావాల్సిన కణుపుల దగ్గర పిలకలు పుడతాయి. పిలకలు చూసి మురిసిపోకండి, అవి ఆ ఏటి పూలను తినేసి వచ్చినవి.

కాట్లేయా: కొత్త దుంపకాండం మొదట్లో వేళ్లు తన్నుకొస్తున్నప్పుడు ఇచ్చిన ఎరువే లెక్కకు వస్తుంది. ఆ తర్వాత తగ్గించండి.

వాండా: మిశ్రమం లేకుండా వేళ్లన్నీ గాలిలో ఉంటాయి, రోజూ తడపాలి. ఆకలి ఎక్కువ. వారానికి రెండుసార్లు పలుచగా ఇచ్చినా తట్టుకుంటుంది, ఉప్పు నిలవడానికి కుండీ లేదు కదా.

పాఫియోపెడిలమ్: లవణాలను ఓర్చుకోదు. మిగతావాటికి ఇచ్చేదానిలో సగం చాలు.

## మీరు ఏది తీసుకోవాలి?

కిటికీ దగ్గర ఒకటో రెండో ఫెలనాప్సిస్‌లు ఉండి, కుళాయి నీరు పోసేవారైతే, దగ్గర్లో దొరికే సమతుల ఎరువు తీసుకుని డబ్బా మీద రాసినదానిలో నాలుగో వంతు వేయండి. ప్రత్యేక డబ్బా కోసం వెతుక్కోవద్దు.

వాన నీరో, ఆర్‌వో నీరో పోస్తూ పది కుండీలు దాటినవారికి 13-3-15 తరహా ఎరువే నా సలహా. అది దొరకనిచోట సమతుల ఎరువు ఒక వారం, కాల్షియం నైట్రేట్ ఒక వారం విడివిడిగా ఇచ్చి, నెలకోసారి ఎప్సమ్ లవణం చిటికెడు కలిపిన నీరు పోస్తే లోటు చాలావరకు పూడుతుంది.

తరచూ ఊళ్లు తిరిగేవారికి గుళికలు మంచివని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. మీరు లేనప్పుడు నీరూ తగ్గుతుంది, గుళిక మాత్రం వదులుతూనే ఉంటుంది. ఊరెళ్లే ముందు ఉత్త నీటితో కుండీ కడిగి వెళ్లండి. నెల రోజులు ఎరువు లేకపోతే ఆర్కిడ్‌కు ఏమీ కాదు.

కుండీ మార్చిన మొక్క, వేళ్లు కుళ్లి కోయాల్సి వచ్చిన మొక్క చేతిలో ఉన్నవారు ఈ ఆరింటిలో ఏదీ కొనవద్దు. తీసుకునే వేరు లేనప్పుడు ఎరువు ఉప్పుగానే మిగులుతుంది. నీడలో, తేమలో ఉంచి, మొదట్లోంచి పచ్చటి కొస పొడుచుకొచ్చి బొటనవేలి గోరంత సాగేదాకా ఎరువు కలపని నీరే పోయండి, కావాలంటే అందులో సముద్రపు నాచు సారం కలుపుకోవచ్చు. అప్పుడు మొదటి మోతాదు, అదీ లీటరుకు పావు గ్రాము.